స్లీవ్ ఆపరేషన్ తర్వాత అన్నం మానెయ్యాలా, కొబ్బరినూనె తాగాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, మాది గుంటూరు. నాలుగు నెలల క్రితం విజయవాడలో బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. 112 కిలోలు ఉండేదాన్ని, 89కి వచ్చాను. మూడు వారాలుగా కాటా కదలడం లేదు. అన్నం, ఇడ్లీ, పప్పు అన్నీ పూర్తిగా మానేసి రోజూ కొబ్బరినూనె, నెయ్యి తీసుకుంటే మళ్లీ తగ్గుతావని మా బావగారు అంటున్నారు. ఆయన ఆపరేషన్ లేకుండా అలాగే తగ్గారు. మా అమ్మేమో అన్నం తినకే నీరసం, జుట్టు రాలడం అని గోల. షుగర్ మాత్ర ఇంకా వేసుకుంటున్నాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ బావగారి మాటలో సగం నిజం ఉందమ్మా, మీ అమ్మగారి మాటలో పావు. ముందు ఆ సగం సంగతి. ఆపరేషన్ అయినవాళ్లు అన్నం, ఇడ్లీ, తీపి తగ్గించాలి, అందులో సందేహం లేదు. తగ్గించాక ఆ ఖాళీలో ఏం పెడతారన్న దగ్గరే ఆయన దారి వేరు, మీ దారి వేరు. ఆయనకు పొట్ట మొత్తం ఉంది, మీకు లేదు. ఆయన ఆ ఖాళీని కొవ్వుతో నింపారు, మీరు ప్రొటీన్‌తో నింపాలి. కింద రాసేదంతా ఈ ఒక్క ముక్కకు వివరమే.

విజయవాడ సూర్యారావుపేటలో ఈ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లకు ఏం తినాలో చెప్పడం నా ఉద్యోగం. ఏళ్ల తరబడి వింటున్న ప్రశ్నల్లో మీది మొదటి వరసలో ఉంటుంది. మన ప్రాంతంలో అది సహజం కూడా. అన్నం మానేసి కొవ్వు తినమని ప్రచారం చేసిన వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతిలో రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, 2 మల్టీవిటమిన్ మాత్రలు అన్న లెక్క ఇక్కడ చాలా ఇళ్లల్లో నోటికి వచ్చు. మీ బావగారు చేసింది అదో, దాని చుట్టమో అయి ఉంటుంది. ఆపరేషన్ కానివాళ్లు దాన్ని చెయ్యొచ్చా కూడదా అన్న వాదనలోకి ఇప్పుడు వెళ్లను. మీ పొట్టలో అది పట్టదు, అంతవరకే నా మాట.

లెక్క వేసి చూద్దాం. స్లీవ్‌లో పొట్ట ఎడమవైపు భాగం, మొత్తంలో 75 నుంచి 80 శాతం, కోసి తీసేస్తారు. సన్నటి గొట్టంలాంటి భాగం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసినదాని పైభాగంలోనే, అందుకే మొదటి నెలల్లో చాలామందికి ఆకలే తెలియదు. నాలుగో నెలలో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా రోజుకు 800 నుంచి 1000 కేలరీల మధ్య ఉంటారు. మీకు 900 అనుకుందాం. 70 గ్రాముల కొబ్బరినూనె అంటే 630 కేలరీలు. మిగిలింది 270. మీకు రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి, ఆ ప్రొటీన్ ఒక్కదానికే 240 కేలరీలు. ఉత్త ప్రొటీన్ ఏ వంటలోనూ దొరకదు. గుడ్డులోనూ కొవ్వు ఉంటుంది, పెరుగులోనూ ఉంటుంది. అంటే బీరకాయ ముక్కకు కూడా చోటు మిగల్లేదు. 100 గ్రాముల నూనె అయితే 900 కేలరీలూ అక్కడికే చెల్లు.

ఆచరణలో జరిగేది ఏమిటంటే, నూనె తాగాక కడుపు తిప్పి గుడ్డు, చేప తినబుద్ధి కాదు. ప్రొటీన్ 25, 30 గ్రాములకు పడిపోతుంది. కాటా మీద అంకె తగ్గొచ్చు, కానీ ఆ తగ్గినదాంట్లో కండ కూడా పోతుంది. ఆపైన, కరగాల్సిన కొవ్వు మీ ఒంట్లోనే బోలెడు నిల్వ ఉంది. బయటి నుంచి పోసుకుంటే ముందు అదే ఖర్చవుతుంది, లోపలిది కరగడం ఆ మేరకు తగ్గుతుంది. నిమ్మకాయల సంగతీ అంతే. స్లీవ్ తర్వాత పుల్లతేన్పులు, గుండెలో మంట చాలామందికి ఉంటాయి, రోజుకు మూడు కాయల రసం ఆ మంటను పెంచొచ్చు. నాలుగు లీటర్ల నీళ్లు మీ పొట్టకు వల్లకాదు. లీటరున్నర నుంచి రెండు లీటర్లు, గుక్క గుక్కగా, రోజంతా. రోహిణి కార్తెలో మన గుంటూరు ఎండలకు ఇంకాస్త. తింటూ తాగొద్దు, తిన్నాక అరగంట ఆగండి.

ఇప్పుడు తిండికంటే ముందు చూడాల్సిన విషయం. మీ షుగర్ మాత్ర పేరు మీరు రాయలేదు. అట్ట తిరగేసి చిన్న అక్షరాలు చదవండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్, ఇలా గ్లిఫ్లోజిన్ అని ముగిసే పేరేదైనా ఉందా? మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా వస్తుంది, మెట్‌ఫార్మినే వేసుకుంటున్నాననుకునేవాళ్లు ఉన్నారు. ఈ మందు చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపిస్తుంది. తిండే తక్కువై, అందులో కార్బ్స్, అంటే అన్నం, ఇడ్లీ, తీపిలో ఉండే పిండిపదార్థాలు, దాదాపు లేకుండా పోయినప్పుడు దీన్ని వేసుకుంటూ ఉంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు అనే ఆమ్లాలు ఒంట్లో ప్రమాదకరంగా పేరుకుపోవచ్చు. మోసం ఎక్కడంటే, గ్లూకోమీటర్‌లో చక్కెర 150, 180 అని మామూలుగానే కనిపిస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఎసిడిటీ అనుకుని ఇంట్లో కూర్చోకండి. క్యాజువాలిటీకి వెళ్లి మాత్ర పేరు చెప్పి, కీటోన్లు చూడమని అడగండి. గ్లిమిపిరైడ్ ఉన్న మాత్ర అయితే ప్రమాదం వేరే రకం: కార్బ్స్ తగ్గించగానే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయించే మందు కలిసి ఉంటే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. వీటిలో ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు. కానీ తిండి మార్చే ముందు రాసిన డాక్టరుగారికి ఫోన్ చేసి, ఇలా కార్బ్స్ తగ్గిస్తున్నానని చెప్పాల్సిందే.

సరే, కంచం దగ్గరికి వద్దాం. నా గదిలో చిన్న స్టీలు గిన్నె ఒకటి పెట్టుకున్నాను, 150 మిల్లీలీటర్లు పట్టేది. కాస్త అన్నమే తింటున్నానండీ అన్నవాళ్లను, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియర్ విప్పి రోజూ ఎలా కలుపుకుంటారో అలాగే పప్పన్నం కలిపి ఆ గిన్నెలో వెయ్యమంటాను. మూడు ముద్దలకు గిన్నె నిండిపోతుంది. ఆ మూడు ముద్దల్లో ఎంత పప్పు పడిందో చూసుకుంటే రెండు చెంచాలు. కూర, గుడ్డు, పెరుగు క్యారియర్‌లోనే మిగిలిపోతాయి. మన భోజనం పద్ధతే అది. పప్పుతో అన్నం, కూరతో అన్నం, చారుతో అన్నం, పెరుగుతో అన్నం. అన్నం లేకుండా కూర నోట్లో పెట్టుకోవడం మనకు అలవాటు లేదు. మీరు చెయ్యాల్సిన మార్పు ముఖ్యంగా ఇదే: వరసను తిరగెయ్యండి. ముందు చేపో గుడ్డో కోడో ఒట్టిగా. తర్వాత కూరగాయ. ఆ తర్వాత చెంచాతో పప్పు. ఇంకా చోటుంటే చివర్న రెండు మూడు చెంచాల అన్నం, పెరుగుతో. చాలా రోజులు చోటుండదు. అన్నం మానెయ్యమని నేను చెప్పక్కర్లేకుండానే తగ్గిపోతుంది.

గ్రాముల లెక్క అడిగేవాళ్ల కోసం: ఈ దశలో కార్బ్స్ రోజుకు 50 నుంచి 80 గ్రాముల మధ్య ఉంచుతాను. సున్నా చెయ్యను, పప్పు, పెరుగు, పండుముక్క కూడా అందులోకే వస్తాయి కాబట్టి. వండిన అన్నం 100 గ్రాములకు 28 గ్రాముల కార్బ్స్, ప్రొటీన్ రెండున్నర మాత్రమే. ఇడ్లీకి ప్రొటీన్ సుమారు 2 గ్రాములు. ఒక గుడ్డుకి 6. వండిన కోడి మాంసం 100 గ్రాములకు 25 పైన, చేప, రొయ్యలు 20 దాకా, పనీర్ 18 దాకా. పెరుగు 100 గ్రాములకు 3, 4 మాత్రమే, దాన్ని నమ్ముకుని 60 చేరలేరు.

పొద్దున గుడ్డు పొరటు చేసుకోండి, చారెడు పాలకూర వేసి, అరచెంచా నూనెతో. ఉడికిన గుడ్డు పచ్చసొన పొడిపొడిగా గొంతులో పట్టేస్తుందనేవాళ్లకు పొరటు హాయి. మధ్యాహ్నం చేప మంచిది, కొరమీను గానీ పండుగప్ప గానీ, ముళ్లు చూసుకుని. ముక్క తినండి, పులుసు వదిలెయ్యండి, గుంటూరు కారంతో చేసిన చింతపండు పులుసు మీ పొట్టకు ఇంకా కొన్నాళ్లు పడదు. నాటుకోడిని ప్రస్తుతానికి మర్చిపోండి. ఆ పీచు ఎంత నమిలినా మెదగదు, ఛాతీ దగ్గర ఆగిపోయి నురగలాంటి వాంతి అవుతుంది. ఫారం కోడిలో కూడా రొమ్ముముక్క ఎండినట్టు ఉంటుంది, తొడముక్కను మెత్తగా, గ్రేవీతో వండుకోండి. ఖీమా ఇంకా సులువు. పొద్దున వండిన కూరను రాత్రి రెండోసారి వేడిచేస్తే ముక్క బిగుసుకుపోతుంది, ఆపరేషన్ అయినవాళ్లు దాన్ని వెంటనే పసిగడతారు. రాత్రికి పెసరట్టు వేసుకోవచ్చు. 50 గ్రాముల పెసలతో వేసిన అట్టులో ప్రొటీన్ 12 గ్రాములు, కార్బ్స్ 30 దాకా. మీ రోజువారీ లెక్కలో అది పెద్ద భాగమే, కాబట్టి ఆ రోజు అన్నం వద్దు, ఉప్మా పెసరట్టు మాట అసలే వద్దు.

వీటితో 60 చేరకపోతే వే ప్రొటీన్ పొడి, అంటే పాల విరుగుడు నీళ్ల నుంచి తీసిన ప్రొటీన్. డబ్బా మీద ముందువైపు రాసింది చదవకండి, వెనక చూడండి. 100 గ్రాముల పొడికి ప్రొటీన్ 70, 80 ఉంటే సరే. కార్బ్స్ అంకె ప్రొటీన్ అంకెకంటే పెద్దదిగా ఉంటే అది చాక్లెట్ వాసన వేసిన పంచదారే, షాపులోనే వదిలెయ్యండి. పాలు పడక కడుపు ఉబ్బరిస్తే ఐసొలేట్ అని ఉన్న రకం అడగండి. శాకాహారులకు మీల్‌మేకర్, పనీర్, గట్టి పెరుగు, పప్పు చెప్తాను. ఉలవచారు తాగుతున్నానండీ, ప్రొటీన్ వస్తుంది కదా అని చాలామంది అడుగుతారు. ఉలవలు ఉడికించిన నీళ్లతో కాచేది ఉలవచారు. ప్రొటీన్ ఎక్కువగా ఆ గుగ్గిళ్లలోనే ఉండిపోతుంది. పాతరోజుల్లో గుగ్గిళ్లు గేదెకు వేసి, చారు మనం తాగేవాళ్లం. ఎవరు తెలివైనవాళ్లో మీరే చెప్పండి.

కాటా ఆగిపోయినప్పుడు నేను మొదట వెతికేది అన్నం గురించి కాదు, జారిపోయే తిండి గురించి. కోడిముక్క ఆ గొట్టంలో కాసేపు నిలబడి కడుపు నిండినట్టు చేస్తుంది. టీలో ముంచిన బిస్కెట్, చేగోడీ, బూందీ, కారప్పూస, మెత్తటి పెరుగన్నం, సాంబార్లో నానిన ఇడ్లీ నిలబడవు. నోట్లో కరిగి కిందికి జారిపోతాయి, గంటలో మళ్లీ తినొచ్చు. ఒక్కసారి తినేది కొంచెమే కాబట్టి ఏం తింటున్నానని అనిపిస్తుంది. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిది దాకా అలా సాగితే 400 కేలరీలు తెలియకుండా లోపలికి పోతాయి. తాగేవి ఇంకా చెడ్డవి: చెరుకురసం, బాదంపాలు, కూల్‌డ్రింకు. వేసవిలో నూజివీడు రసాలు మెత్తగా పిసికి, మూతి కొరికి పీల్చడం కూడా ఇందులోకే వస్తుంది, చెప్పడానికి నాకే బాధగా ఉంది. మామిడి తినాలనిపిస్తే బంగినపల్లి రెండు ముక్కలు కోసుకుని, భోజనం చివర నమిలి తినండి.

ఈ చిల్లర తిండి ఏదీ లేదంటారా, అప్పుడు మూడు వారాలు ఆగిపోవడం మామూలే. నాలుగు నెలల్లో 23 కిలోలు తగ్గినవాళ్లకు మధ్యలో ఇలాంటి ఆగుళ్లు వస్తాయి, మళ్లీ కదులుతుంది. ఏడాది, ఏడాదిన్నర దాకా తగ్గే కాలమే. టేపు పెట్టి నడుము కొలవండి, కాటా ఆగినప్పుడు కూడా చాలామందికి నడుము తగ్గుతూ ఉంటుంది. అన్నం పూర్తిగా మానేసిన మొదటి వారంలో బావగారు తగ్గిన రెండు మూడు కిలోల రహస్యం కూడా చెప్పేస్తాను. కార్బ్స్ ఒంట్లో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటాయి, ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీళ్లు పట్టి ఉంటాయి. నిల్వ ఖర్చయితే నీళ్లూ పోతాయి. మళ్లీ ఒక పెళ్లిభోజనం తినగానే తిరిగి వస్తాయి.

అమ్మగారి మాటకు వద్దాం. మీ నీరసానికి అన్నం కారణమని నేననుకోను. నీళ్లు తక్కువా, ఉప్పు తక్కువా, ప్రొటీన్ ఎంత, ఐరన్ ఎంత, వరసగా ఇవి చూడాలి. కార్బ్స్ ఒక్కసారిగా కోసేస్తే ఒంట్లోంచి ఉప్పు, నీళ్లు ఎక్కువ పోయి తల తిరిగే మాట నిజమే, ఆవిడకు నేనిచ్చిన పావు మార్కు దానికే. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, బీపీ అదుపులో ఉంటే, దీనికి మంచి మందు. జుట్టు మూడో నెల నుంచి ఆరో నెల దాకా రాలడం ఈ ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందిలో చూస్తాం. బరువు వేగంగా తగ్గినందుకు వచ్చేది, తర్వాత తిరిగి మొలుస్తుంది. ప్రొటీన్, ఐరన్ తక్కువైతే మాత్రం ఇంకా లాగుతుంది. అమ్మగారి చేత అన్నం బదులు గుడ్డు పెట్టించుకోండి, గొడవ అక్కడికి సగం తీరుతుంది.

మాత్రల విషయంలో బద్ధకం వద్దు. నెలసరి వచ్చే వయసు కాబట్టి ఐరన్ రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాములు, కాల్షియం తిండితో కలిపి 1200 నుంచి 1500, సిట్రేట్ రకమైతే మేలు, ఇంకా బీ12, విటమిన్ డీ. ఐరన్, కాల్షియం మధ్య 2 గంటలు ఎడం ఉండాలి, ఐరన్ టీ, కాఫీలతో వేసుకోకూడదు. వరసగా కొన్ని రోజులు వాంతులైతే బీ1 విటమిన్ ఖాళీ అయిపోతుంది. నడక తూలడం, ఒకటి రెండుగా కనిపించడం దాని గుర్తులు, అది అత్యవసరం.

గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. తీపి తిన్న అరగంటలోపు గుండెదడ, చెమటలు, విరేచనం వస్తే దాన్ని డంపింగ్ అంటారు. ఇంకో రకం తిన్న ఒకటి నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది, చక్కెర పడిపోతుంది. ఆ రెండో రకానికి కార్బ్స్ తగ్గించి, ఉన్న కాసిని ప్రొటీన్‌తో కలిపి తినడమే మొదటి వైద్యం. నూనె, నెయ్యి మీకు స్లీవ్ వాళ్లకంటే ఇంకా పడవు: జిడ్డు విరేచనాలు, తర్వాత కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు.

కార్తీకమాసం వస్తే నెలంతా గుడ్డు, చేప మానేస్తారు మన ఇళ్లల్లో. మానండి, తప్పులేదు, పనీర్, మీల్‌మేకర్, వే పొడి ముందే తెచ్చి పెట్టుకోండి. నక్షత్ర దర్శనం దాకా ఉపవాసం, ఒంటిపూట భోజనం మాత్రం ఈ ఏడాది వద్దు. ఆ పూటలో 60 గ్రాముల ప్రొటీన్ మీకు పట్టదు, నీళ్లు తాగకపోతే పడిపోతారు. షుగర్ మాత్ర వేసుకుంటూ ఉపవాసం అసలే కుదరదు.

మూడో నెల పరీక్షలు చేయించుకోకపోతే ఈ వారమే వెళ్లండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బీ12, విటమిన్ డీ, కాల్షియం, అల్బుమిన్, మూడు నెలల షుగర్ చూడమనండి. వేగంగా బరువు తగ్గేవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు వస్తాయి కాబట్టి కుడిపక్క పైన నొప్పి ఏమన్నా ఉంటే అదీ చెప్పండి. వెళ్లేటప్పుడు మూడు రోజులు నోట్లో వేసుకున్నదంతా, టీ బిస్కెట్‌తో సహా, రాసుకున్న కాగితం పట్టుకెళ్లండి. మాత్రల అట్టలు కూడా, ఖాళీవైనా సరే.